చీటీ అడుగున మొత్తం

పార్క్‌లేన్‌లో మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయదు.
ఇంతియాజ్ భాయ్ కౌంటర్ మీద రెండు దారులు పెట్టాడు.
ఒకటి ఆకుపచ్చ కార్డు, దాని నడుముకు చిన్న బ్యాటరీ.
రెండోది ఖాళీ అరచెయ్యి.
"సాఫ్ట్‌వేర్ అంటే గిదే సార్, ఫుకట్‌ది.
కార్డయితే తొమ్మిది వేలు. సెకండ్ హ్యాండే, గానీ దర్జా వేరు."

పదకొండేళ్లుగా చదువుతున్నాను నేను,
నింబోలిఅడ్డ ఇంట్లో, ఫ్యాన్ ఆపి, కిటికీకి బొంత కట్టి,
మలక్‌పేట హాస్టల్లో చూపులేని పిల్లల కోసం.
డిగ్రీ చరిత్ర, బీఈడీ సైకాలజీ, గ్రూప్ టూ ఎకానమీ.
ఆ గొంతంతా మూడు డిస్కుల మీద పడుకోవాలి.
దర్జా అన్న మాట నాకు నచ్చింది.
కార్డు కొన్నాను.

బ్యాంకులో క్యాషియర్‌గా చేసినవాణ్ణి,
పారిటీ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.
కిరాణా చీటీలో కందిపప్పు ఇంత, చింతపండు ఇంత, అడుగున మొత్తం.
చింతపండు అంకె మీద నూనె మరక పడితే
మొత్తంలోంచి పప్పు తీసెయ్, చింతపండు బయటపడుతుంది.
అంతే.
ఆ మొత్తాన్ని ఒక్క డిస్కే మొయ్యకుండా
మూడూ వంతులేసుకుంటాయి.

నాలుగేళ్లు బాగానే నడిచింది.
ఒక మే నెల అర్ధరాత్రి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలింది,
ఇన్వర్టర్ ఒక్క క్షణం ఆలస్యంగా నిద్రలేచింది.
పొద్దున చూస్తే కార్డు బ్యాటరీ బూరెలా పొంగి ఉంది.
డిస్కులు ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి,
చెవి పెడితే తిరుగుతున్నాయి,
మూడింటికి మూడూ బతికే ఉన్నాయి.
ఒక్కటీ నోరు విప్పదు.
ఏ ముక్క తర్వాత ఏ ముక్కో వాటి మీదే రాసిపెట్టింది కార్డు,
కానీ పాత కరణం గొలుసుకట్టులా
రాసినవాడు తప్ప ఎవడూ చదవలేని రాత.

"గదే కంపెనీ, గదే నంబర్ గావాలె సార్," అన్నాడు ఇంతియాజ్,
ఈసారి దర్జా గురించి ఏమీ అనలేదు.
పంతొమ్మిది రోజులు.
బేగంపేటలో మూతబడ్డ ఏదో ఆఫీసు తుక్కు గోనెసంచిలో
దాని కవల దొరికింది, ఆరువందలకు.
ఆ రాత్రే అంతా బయటికి తోడుకున్నాను.
ఇప్పుడా రెండు కార్డులూ కరెంటు బిల్లుల మీద బరువు.

సాఫ్ట్‌వేర్‌తోనే కట్టాను మళ్లీ.
రాసేటప్పుడు ప్రాసెసర్ కాస్త ఆయాసపడుతుంది, పడనీ,
నాకూ మెట్లెక్కితే వస్తుంది ఆయాసం.
ఈ డిస్కులు ఊడదీసి ఏ డబ్బాకు తగిలించినా
మేం ఫలానా, మా వరుస ఫలానా అని అవే చెప్పుకుంటాయి.
ఇక భయం లేదనుకున్నాను.

శ్రావణంలో ఫోల్డర్లు సర్దుతూ
ఎకానమీ ఆరో యూనిట్‌ను నా చేత్తో నేనే చెరిపేశాను.
మూడు డిస్కులూ ఒక్క మాట మీద నిలబడి,
ఒక్క క్షణం కూడా వెనకాడకుండా చెరిపేశాయి.
ఆ ఐకమత్యం నేను కోరి తెచ్చుకున్నదే.

హాస్టల్ నుంచి కొమురెల్లి ఫోన్ చేశాడు:
"ఆరో యూనిట్ నా పెన్‌డ్రైవ్‌ల ఉంది సార్.
పదహారో నిమిషంల మీ కుక్కర్ మూడు విజిల్లేస్తది,
మీరు 'సుగుణా, ఆపు' అంటరు. అదేనా?"
అదే.
నా దగ్గర కోసేసిన విజిల్లు
వాడి దగ్గర పోకుండా ఉన్నాయి.

ఆదివారం నాలుగో డిస్కు ఒకటి
టిఫిన్ సంచిలో పెట్టుకుని మలక్‌పేట వెళ్లాను.
అన్నీ అందులో, వాడి ట్రంకు పెట్టెలో, చలికోటు కింద.
పైన ఏం రాయమంటావు, అని అడిగాను.
"మీరేం రాసినా నేను చూస్తనా సార్," అని నవ్వి
జేబులోంచి రబ్బరు బ్యాండు తీసి
దానికి రెండు చుట్లు చుట్టాడు.